రెండోసారి చూస్తే అర్థమయ్యే భాష

‘స్టార్ ట్రెక్’ అభిమానులు కలిసి కూర్చుని మళ్లీ మళ్లీ చూసే ఎపిసోడ్లలో ‘డార్మాక్’ ఒకటి. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ ఐదో సీజన్లో అది రెండో ఎపిసోడ్. 1991లో అమెరికా టీవీలో వచ్చింది. నిడివి సుమారు ముప్పావు గంట. అంతరిక్ష నౌకలు, వేరే గ్రహాల మనుషులు ఉండే ఈ కథతో మనకేం పని అని మన యువకులు అడగొచ్చు. పని ఉంది. ఎదుటివాళ్ల మాటలన్నీ తెలిసి కూడా వాళ్లేమంటున్నారో తెలియకపోవడం ఈ కథలోని చిక్కు. తెలుగు అక్షరాలు, తెలుగు మాటలు వచ్చి కూడా తెలుగు పాఠం అర్థంకాని మన పిల్లల చిక్కు కూడా అదే.

ముందు కథ చెబుతాను. ఎంటర్‌ప్రైజ్ అనే నౌకకు కెప్టెన్ పికార్డ్. టమేరియన్లు అనే జాతి కబురు పంపితే వాళ్లను కలవడానికి వెళ్తాడు. నూరేళ్లలో ఏడుసార్లు ఆ జాతివాళ్లు ఎదురుపడ్డారు. ఏ గొడవా జరగలేదు, ఏ స్నేహమూ కుదరలేదు. వాళ్ల మాట ఎవరికీ అర్థం కాదని రికార్డుల్లో రాసి పెట్టుకున్నారు. పికార్డ్ నౌకలో ఏ భాషనైనా అనువదించే యంత్రం ఉంది. ఆ యంత్రం టమేరియన్ మాటల్ని కూడా అనువదిస్తుంది. కానీ వచ్చేది ఇలా ఉంటుంది: ‘చేతులు చాచిన టెంబా’, ‘గోడలు కూలినప్పుడు షాకా’, ‘తనాగ్రా దగ్గర డార్మాక్, జలాద్’. చేతులంటే తెలుసు, గోడలంటే తెలుసు. టెంబా ఎవరో, షాకా ఎవరో తెలియదు.

టమేరియన్ కెప్టెన్ డాథన్ రెండు బాకులు పట్టుకుని, పికార్డ్‌తో కలిసి కిందున్న ఎల్-అడ్రెల్ గ్రహం మీద దిగుతాడు. ఒక బాకు పికార్డ్ వైపు విసురుతాడు. అది పోరుకు పిలుపనుకుని పికార్డ్ దాన్ని తిరిగి విసిరేస్తాడు. రాత్రి చలి. పికార్డ్‌కు నిప్పు రాజుకోదు. డాథన్ తన మంటలోంచి ఒక కొరివి తీసి ‘చేతులు చాచిన టెంబా’ అంటూ ఇస్తాడు. అప్పుడు పికార్డ్‌కు మొదటి మాట అర్థమవుతుంది: టెంబా ఒక మనిషి, చేతులు చాచాడంటే ఇస్తున్నాడని. మర్నాడు ఆ గ్రహం మీది మృగం దాడి చేస్తుంది. డార్మాక్, జలాద్ అనే ఇద్దరు పరాయివాళ్లు తనాగ్రాలో ఒకే మృగంతో పోరాడి స్నేహితులయ్యారు. ఆ కథనే డాథన్ మళ్లీ జరిపించాలనుకున్నాడు. బాకు ఇచ్చింది కలిసి పోరాడటానికి. సరిగ్గా పోరు మధ్యలో పైనున్న నౌకవాళ్లు పికార్డ్‌ను కాపాడబోయి యంత్రంతో పైకి లాగే ప్రయత్నం చేస్తారు. అతను కాసేపు కదలలేకపోతాడు. ఒంటరిగా మిగిలిన డాథన్‌ను మృగం చీల్చేస్తుంది. ఆ రాత్రి మంట పక్కన అతను చనిపోతాడు. రెండు నౌకలూ ఒకదాన్నొకటి పేల్చుకునే దాకా వచ్చినప్పుడు, పికార్డ్ తిరిగొచ్చి టమేరియన్ల మాటల్లోనే వాళ్లతో మాట్లాడి పోరు ఆపుతాడు. వెళ్లిపోతూ వాళ్లు తమ భాషలో ఒక కొత్త మాట చేర్చుకుంటారు: ‘ఎల్-అడ్రెల్ దగ్గర పికార్డ్, డాథన్’.

ఇక మళ్లీ చూడటం సంగతి. స్టార్ ట్రెక్ బతికిందే మళ్లీ చూడటం వల్ల. 1966లో మొదలైన మొదటి సీరియల్‌ను మూడు సీజన్లు, 79 ఎపిసోడ్ల తర్వాత 1969లో ఆపేశారు. తర్వాత ఊరూరి టీవీ స్టేషన్లు పాత ఎపిసోడ్లనే తిప్పి తిప్పి వేశాయి. జనం కలిసి చూశారు, మాట్లాడుకున్నారు. 1972లో న్యూయార్క్‌లో సభ పెట్టుకుంటే అనుకున్నదానికంటే ఎన్నో రెట్ల మంది వచ్చారు. ఒక కథను పదిసార్లు విని, పదిమందితో పంచుకుంటే అది ఒక గుంపుకు సొంతమవుతుంది. పండుగ పండుగకీ అదే పురాణం వినే మనకు ఇది కొత్త సంగతి కాదు.

‘డార్మాక్’ను మాత్రం మళ్లీ చూడకపోతే సగమే చూసినట్టు. మొదటిసారి చూసేటప్పుడు మనం పికార్డ్ పక్కన నిలబడతాం. అతనికి తెలియనిది మనకూ తెలియదు. రెండోసారి చూసేటప్పుడు టమేరియన్ల పక్కకు వెళ్తాం. మొదటి దృశ్యంలో టమేరియన్ ఉపనాయకుడు ‘తెరచాపలు విప్పిన మిరాబ్’ అని పట్టుబడుతుంటాడు. మొదటిసారి అది ఉత్త శబ్దం. చివర్లో వాళ్ల నౌక వెళ్లిపోతున్నప్పుడు అదే మాట వింటాం. అది ప్రయాణమైపోదామనే మాట. ఆ తర్వాత మొదటి దృశ్యానికి తిరిగి వస్తే, ‘వీళ్లతో మనకు కుదరదు, పోదాం పదండి’ అని అతను కెప్టెన్‌ను బతిమాలుతున్నట్టు తెలుస్తుంది. ఎవరూ మనకు అర్థాల పట్టిక ఇవ్వలేదు. సందర్భంలో రెండుసార్లు విన్నాం, అంతే.

అదే దృశ్యంలో ఇంకొకటి ఉంది. పికార్డ్ మర్యాదగా, ముద్దుగా, దౌత్య భాషలో మాట్లాడతాడు. టమేరియన్లు నవ్వుతారు. వాళ్లకు అతని మాటే అర్థంలేనిది. డాథన్ గట్టిగా ‘టెమార్క్ నది!’ అంటాడు. నవ్వు ఆగిపోతుంది. ‘చలికాలంలో’ అని కలుపుతాడు. దీని అర్థం కథలో ఎవరూ చెప్పరు. చూసినవాళ్లు కలిసి ఆలోచించి పట్టుకున్నారు: చలికాలంలో నది గడ్డకడుతుంది, చప్పుడు ఆగిపోతుంది. అంటే ‘నోరు ముయ్యండి’ అని. మొదటిసారి చూసినప్పుడు కోపంగా అరిచిన పరాయి కెప్టెన్ కనిపిస్తాడు. రెండోసారి చూస్తే, భాష రాని అతిథిని చూసి నవ్వొద్దని తనవాళ్లను ఆపిన పెద్దమనిషి కనిపిస్తాడు.

ఈ దృశ్యం దగ్గర నాకు నా బడి గుర్తొస్తుంది. ఏడో తరగతిలో ‘భగీరథ ప్రయత్నం’ అనే జాతీయాన్ని సొంతవాక్యంలో రాయమన్నారు. ప్రయత్నం తెలుసు. భగీరథుడు తెలియదు. ఏదో జాతర పేరు కాబోలనుకుని ‘మా ఊళ్లో నిన్న భగీరథ ప్రయత్నం బాగా జరిగింది’ అని రాశాను. సారు పైకి చదివారు. తరగతంతా నవ్వింది. సారు చెడ్డవారు కాదు, ఆయనకూ నవ్వొచ్చింది. ‘టెమార్క్ నది’ అనేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

తెలుగు వాచకం తెరిచి చూడండి. కుంభకర్ణ నిద్ర, శల్య సారథ్యం, విశ్వామిత్ర సృష్టి, సైంధవుడిలా అడ్డుపడటం. ఇదంతా టమేరియన్ భాషే. ఇంట్లో రామాయణ, భారతాలు వింటూ పెరిగిన పిల్లకు అది భాషలా కూడా అనిపించదు, గాలిలా ఉంటుంది. ఆ కథలు లేని గూడెం నుంచి వచ్చిన పిల్లకు ప్రతి మాటా విడిగా తెలుస్తుంది, కలిపితే తెలియదు. ఎపిసోడ్‌లో కూడా ఈ మాట వస్తుంది. టమేరియన్ భాషను ‘మేడ మీద జూలియెట్’ అన్నట్టుగా అర్థం చేసుకోవాలని ట్రాయ్ చెబితే, జూలియెట్ ఎవరో, ఆ మేడ మీద ఏం చేస్తోందో తెలియకపోతే ఆ బొమ్మకు అర్థమేముందని డాక్టర్ క్రషర్ అంటుంది. పిల్లకు తెలివి తక్కువని, ‘భాషా సామర్థ్యం’ లేదని రిజిస్టర్‌లో రాసే ముందు ఉపాధ్యాయులు ఈ ఒక్క దృశ్యం చూడాలి.

అటు వైపు నుంచి కూడా చూడాలి. మన దగ్గరా ఇలాంటి మాటలున్నాయి. ఉట్నూరు ఏజెన్సీలో ‘ఇంద్రవెల్లి’ అంటే ఊరి పేరు మాత్రమే కాదు. 1981 ఏప్రిల్ 20న సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు జరిపిన కాల్పులు, ప్రభుత్వం 13 అని చెప్పిన చావుల లెక్క, ఆ లెక్కను ఒప్పుకోని ఊళ్లు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ‘జోడేఘాట్‌లో భీం’ అంటే వెనక్కి తగ్గకపోవడం. మేడారం వైపు కోయ పిల్లకు ‘జంపన్న వాగు’ అంటే నీళ్లు కాదు, ఓడిపోయినా లొంగనివాడి చావు. బయటినుంచి వచ్చిన సారుకు ఇవి మ్యాపులో పేర్లు. ఆయన ఆ క్షణంలో పికార్డ్. తేడా ఒక్కటే: పికార్డ్‌కు తెలియదని అతనికి తెలుసు.

అభిమానులు ఈ ఎపిసోడ్ మీద ఎప్పటినుంచో ఒక ప్రశ్న వేస్తున్నారు. అన్నీ కథల సూచనలతోనే మాట్లాడితే పిల్లలకు ఆ కథలు ఎలా చెబుతారు? కథ చెప్పడానికైనా మామూలు మాటలు కావాలి కదా? ‘బోల్టు బిగించు’ అని ఎలా అంటారు? 2014లో ఇయన్ బోగోస్ట్ అనే రచయిత ‘ది అట్లాంటిక్’ పత్రికలో రాస్తూ, దీన్ని ఉపమానాల భాష అనుకోవడమే పొరపాటన్నాడు. ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చడం కాదు, ఒక పరిస్థితి ఎలా నడుస్తుందో దాన్ని మొత్తంగా చూడటం అది అని అతని వాదన. 2021లో ‘లోయర్ డెక్స్’ అనే కార్టూన్ సీరియల్లో కేషాన్ అనే టమేరియన్ అధికారిని కూడా తెచ్చారు. అతను మామూలుగా మాట్లాడుతూ మధ్యలో తన భాషలోకి జారిపోతుంటాడు. రెండు భాషల మధ్య బతికే మన హాస్టల్ పిల్లలు అతన్ని చూస్తే వెంటనే గుర్తుపడతారు.

పిల్లలెలా నేర్చుకుంటారనే ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉంది. గోండుల ఇంట్లో ప్రధాన్ వచ్చి కిక్రి వాయిస్తూ పూర్వుల కథ పాడతాడు. నాగోబా పూజకు మెస్రం వంశంవాళ్లు కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. పిల్ల ఆ నడక చూస్తుంది, ఆ పాట వింటుంది. అర్థం తర్వాత వస్తుంది, సంఘటన ముందు వస్తుంది. డాథన్ కూడా డార్మాక్ కథను వివరించబోలేదు, పికార్డ్‌ను తీసుకెళ్లి దాని మధ్యలో నిలబెట్టాడు.

అయితే అభిమానుల ప్రశ్నలో సగం నిజం ఉంది, దాన్ని దాటేయకూడదు. ఏ జాతీ కథల సూచనలతోనే బతకదు. గోండిలో, కోయలో, సవరలో లెక్కలకు, పనిముట్లకు, వానకు, అప్పుకు మామూలు మాటలున్నాయి. ఒక జాతి మొత్తాన్ని ఒక్క గుణానికి కుదించడం ఈ ఎపిసోడ్ బలహీనత. ‘ఆదివాసీలంటే పాట, ఆట, కథ’ అని సభల్లో మనల్ని పొగిడేవాళ్లు చేసేదీ ఇదే. వేదిక మీద గుస్సాడి కావాలి, లెక్కల మాస్టారుగా మనవాడు వస్తే ఆశ్చర్యం. కానీ కథను జాగ్రత్తగా మళ్లీ చూస్తే టమేరియన్లు పంపిన మొదటి కబురు గణిత సంకేతం. చివరి పోరులో వాళ్ల నౌక దెబ్బకు ఎంటర్‌ప్రైజ్ కుప్పకూలబోతుంది. వాళ్లకు శాస్త్రం రాదని ఎవరూ అనలేరు.

నాకు అన్నిటికంటే గట్టిగా తగిలే దృశ్యం చివరి రాత్రి మంట. చావు దగ్గరపడ్డ డాథన్, డార్మాక్ కథ పూర్తయ్యాక ‘ఇప్పుడు నీ కథ చెప్పు’ అన్నట్టు సైగ చేస్తాడు. పికార్డ్ గిల్గమేష్ కథ చెబుతాడు. ఉరుక్ రాజు గిల్గమేష్, అడవి మనిషి ఎంకిడు మొదట కొట్టుకుని, తర్వాత స్నేహితులై, కలిసి స్వర్గ వృషభాన్ని చంపుతారు. ఎంకిడు చనిపోతాడు. డాథన్‌కు భాష అందకపోయినా కథ అందుతుంది. చాలామంది అభిమానులు ఇక్కడ కళ్లు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకున్నాను. కానీ పికార్డ్ ఒకటి వదిలేశాడు. అసలు కథలో ఆ ఇద్దరూ వృషభం కంటే ముందు దేవదారు అడవికి వెళ్తారు. ఆ అడవికి కావలి ఉన్న హుంబాబాను చంపి చెట్లు నరుకుతారు. అడవిలో పుట్టిన ఎంకిడును పక్కన పెట్టుకునే రాజు అడవిని గెలుస్తాడు. పికార్డ్ చెప్పిన కథలో ఆ అడవే లేదు. అడవిలో ఉండేవాళ్లం కాబట్టి ఆ ఖాళీ మనకు కనిపిస్తుంది. గుంపుగా చూసి మాట్లాడుకోవడంలో లాభం ఇదే. ఒక్కొక్కరు ఒక్కో ఖాళీని చూస్తారు.

ఇంకో లెక్క కూడా తేలాలి. పికార్డ్ నాలుగు మాటలు నేర్చుకోవడానికి డాథన్ ప్రాణం ఖర్చయింది. ఎపిసోడ్ దీన్ని దాచదు. మాట కలుస్తుందనే ఆశతోనే ఆ మనిషి అంతటికీ తెగించాడని పికార్డ్ చివర్లో అంటాడు. ఖర్చు ఎప్పుడూ ఒకవైపే పడుతోందా అని అడగాల్సింది మనం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు, బడి ఇటు నాలుగడుగులు వేసింది. ఆ పుస్తకాలు ఇప్పుడు మీ బడిలో బీరువాలో ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా అన్నది మీరే చూసి చెప్పాలి.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ ఎపిసోడ్‌ను పెద్ద తరగతుల పిల్లలతో రెండుసార్లు చూడండి. మొదటిసారి ఆపకుండా. రెండోసారి ప్రతి టమేరియన్ మాట దగ్గరా ఆపి, అర్థం వాళ్లనే చెప్పమనండి. తర్వాత ఒక పని ఇవ్వండి: మీ ఇంటి కథల్లోంచి, మీ ఊరి సంగతుల్లోంచి ఇలాంటి మాటలు పది రాసుకురండి, మీ భాషలోనే, మీ అవ్వను అడిగి. మర్నాడు ఒక్కొక్కటే చదివించి, మీకు అర్థంకాని ప్రతిదాని దగ్గరా చెయ్యెత్తండి. తరగతిలో ఆ రోజు తెలియనివారు సారు ఒక్కరే అవుతారు. ఎవరైనా నవ్వితే ఏమనాలో పిల్లలకు అప్పటికే తెలిసి ఉంటుంది.