మరుగునపడిన మూడు రికార్డులు

మరుగునపడిందల్లా మాణిక్యమనే భ్రమ సంగీతప్రియుల్లో బలంగా ఉంది. ఈ వారం దిద్దాల్సిన కాంపోజిషన్ పుస్తకాలు పక్కకు నెట్టి మూడు పాత ఆల్బంలు విన్నాను.

బ్రిటిష్ గాయని వాష్టీ బన్యన్ ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ 1970లో వచ్చి అమ్ముడుపోలేదు. 2000లో మళ్ళీ విడుదలయ్యాకే పేరొచ్చింది. గుర్రపుబండి మీద స్కాట్లండ్ దీవులకు వెళుతూ కట్టుకున్న పాటలు. గొంతు హాయిగా ఉంది. కాని ఆ పల్లెలో చాకిరీ అలసట నాకు వినపడలేదు.

లిండా మార్టెల్ ‘కలర్ మీ కంట్రీ’ కూడా 1970దే. తెల్లవాళ్ళ సొత్తుగా చెలామణి అయిన కంట్రీ సంగీతాన్ని పాడిన నల్లజాతి స్త్రీ. రికార్డు తీసిన కంపెనీ పేరు ‘ప్లాంటేషన్’! బానిసలు చాకిరీ చేసిన తోటల పేరది. ఆమెకు అదొక్కటే ఆల్బం.

నన్ను నిద్రపోనివ్వనిది చిలీ గాయకుడు విక్టర్ హారా ‘లా పొబ్లాసియోన్’ (1972). ఇళ్ళులేని కుటుంబాలు 1967లో శాంటియాగోలో స్థలం ఆక్రమించి వేసుకున్న వాడ కథ ఇది. ఆ పోరాటంలో చనిపోయిన పసిపాప ఎర్మిందా పేరే వాడకు పెట్టుకున్నారు. హారా అక్కడివాళ్ళ మాటల్ని టేపుమీద పట్టి పాటల నడుమ ఉంచాడు. స్పానిష్ నాకు రాదు. అయినా గాయకుడి గొంతు ఆగి ఆ ఇంటి మనిషి గొంతు మొదలైన చోటు తెలిసిపోతుంది. నాటకీయత అక్కడక్కడా మోతాదు మించింది, నిజమే.

1973 సెప్టెంబరులో సైనిక కుట్ర జరిగిన కొద్ది రోజులకే హారాను చంపారు, ఆయన పాటల్ని నిషేధించారు. బన్యన్ రికార్డు కొనేవాళ్ళు లేక మూలపడింది. దీన్ని బలవంతాన మూలకు నెట్టారు. రెంటినీ ‘విస్మృత కళాఖండాలు’ అంటూ ఒకే అరలో సర్దే పరిచయకర్తలతోనే నా పేచీ.