ఫుట్‌పాత్ మీద బ్రేకు మేస్త్రి

కట్టుబడి పనులకు బొంబాయి వచ్చిన తెలుగు కూలీల పేరే కామాటిపురకు మిగిలింది. ఆ వాడ నుంచి నడక దూరంలో చోర్‌బజార్, అక్కడ పాత బండ్ల సామాను. ఈ చుట్టుపక్కల ఫుట్‌పాత్ పక్కనే జాకీ వేసి చక్రం విప్పే మేస్త్రులను మెచ్చుకోవాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పద్మినీ టాక్సీలు నడిచినన్నాళ్లూ ఇలాంటి చేతుల చలవతోనే ఆగాయి. చివరిది 2023 అక్టోబరులో గడువు తీరి రోడ్డు దిగింది.

ఇప్పటి కారుకు ముందు చక్రాల బ్రేకులు గట్టిపడాలని వెళితే, మంచి మేస్త్రి పెద్ద డిస్కు అంటగట్టడు. బ్రేకు తొక్కితే బరువంతా ముందుకు వాలుతుంది, పని ఎక్కువగా ముందు చక్రాలదే. కాబట్టి మొదట కాలిపర్ పిన్నులు జారుతున్నాయా చూస్తాడు. బిగిసుంటే శుభ్రం చేసి బ్రేకు గ్రీజు రాస్తాడు. డిస్కు అరిగి, దానిమీద అచ్చుకొట్టిన కనీస మందం కన్నా పలచబడితే లేతుకు పంపడు, మార్చమంటాడు. ఆ తర్వాత బ్రేకు ఆయిల్. అది గాలిలో తేమ పీలుస్తుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్-3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్-4కు 230, 155. ఖండాలా ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడేది చాలాసార్లు ఇందుకే. చవకలో పాత ఆయిల్ తీసి కొత్తది పోయించడం కన్నా మంచి మార్పు లేదు.

చోర్‌బజార్‌లో అద్దం కొనండి, హారన్ కొనండి. బ్రేకు ప్యాడ్లు మాత్రం సీలు విప్పని కొత్తవే తెచ్చి మేస్త్రి చేతికివ్వండి.