ఇరవయ్యొక్క పొరలు

మార్కాపురంలో పలకరాయి చీల్చే మనిషి సుత్తితో గట్టిగా కొట్టడు. పలుచని ఉలిని రాయి అంచున ఆనించి చిన్నగా తడతాడు. నాలుగు వేళ్ల దూరం జరిపి మళ్లీ తడతాడు. పొర ఎక్కడుందో ఆ చప్పుడే చెబుతుంది, వినే చెవి ఉండాలి. కాసేపటికి దిమ్మె నిలువునా నోరు తెరుస్తుంది. లోపల ఎన్నడూ వెలుగు చూడని నున్నని ముఖం బయటపడుతుంది. దాన్ని కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. ఎన్నో రాష్ట్రాల పిల్లలు ఓనమాలు దిద్దింది ఈ రాతి మీదే.

చంద్రయాత్రల వస్తువుల గురించి రాయబోతూ పలక దగ్గర ఎందుకు ఆగానంటే, నేను దాచుకున్న వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు వెనక ఉన్నది కూడా పొరల పనే. ఇక్కడ పొరను విడదీయడం విద్య, అక్కడ పొర మీద పొర కలపడం విద్య.

ఆ వస్తువు ఒక తపాలా బిళ్ల. చంద్రుడి మీద తొలి మనిషి అడుగుపెట్టిన సందర్భంగా మన తపాలా శాఖ 1969 నవంబరు 19న తెచ్చిన ఇరవై పైసల బిళ్ల. ఒకటే రంగు, ఆకుపచ్చ కలిసిన గోధుమ. చంద్రనౌక పక్కన నడుస్తున్న వ్యోమగామి బొమ్మ. అంతే. అదే ఏడాది అమెరికా వేసిన పది సెంట్ల విమాన తపాలా బిళ్లతో పోలిస్తే ఇది బీదగా కనిపిస్తుంది. అమెరికా బిళ్లకు పాల్ కాల్ బొమ్మ గీశాడు. దాని మూల అచ్చును అపోలో 11 నౌకలోనే చంద్రుడి దాకా తీసుకెళ్లి తెచ్చారు. ఉక్కు మీద చెక్కిన గీతలు కాబట్టి ఆ బిళ్ల మీద వేలు రాస్తే సిరా ఉబ్బు తెలుస్తుంది. మన బిళ్ల నాసిక్ ముద్రణాలయంలో ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయింది. వేలికి ఏమీ తగలదు. పది రెట్లు పెంచే భూతద్దం కింద పెడితే మాత్రం గీతలన్నీ మాయమై జల్లెడ కళ్లలాంటి చుక్కలు కనబడతాయి. అక్షరాల అంచులు రంపం పళ్లలా ఉంటాయి. ఆ చుక్కల్లో కొన్ని చిక్కగా, కొన్ని పలుచగా పడి, ఒక్క రంగులోనే ఎండనూ నీడనూ పుట్టించాయి. ఆ నేర్పు నాసిక్ పనివాళ్లది. నేను ఈ బిళ్లకే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఈ బిళ్ల వచ్చిననాటికి మన దేశంలో టీవీ ఢిల్లీలో తప్ప లేదు. ఆ తొలి మనిషి ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగుపెట్టిన ఘడియ మనకు 1969 జులై 21, సోమవారం ఉదయం 8 గంటల 26 నిమిషాలు. గిద్దలూరులోనైనా, కంభంలోనైనా ఆ సంగతి రేడియోలో విన్నదే, పేపర్లో చదివిందే. ఇంట్లో దాచుకోవడానికి చేతికి దొరికిన చంద్రయాత్ర ఈ బిళ్లే.

ఇప్పుడు ఆ బొమ్మలోని మనిషి తొడుక్కున్న దుస్తు దగ్గరికి వద్దాం. బిళ్లలో అది గోరంత లేదు. దాని కథ మాత్రం ఎంత చెప్పినా తరగదు.

దాన్ని కుట్టింది యుద్ధ విమానాల కంపెనీ కాదు. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలోని డోవర్ ఊళ్లో ఆడవాళ్ల లోదుస్తులు తయారుచేసే ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్. ప్లేటెక్స్ పేరుతో బాడీలు అమ్మే సంస్థ. ఈ దుస్తు కోసం 1965లో పోటీ పెడితే, పేరుమోసిన వైమానిక సంస్థల నమూనాలను దాటి వీళ్ల దుస్తు గెలిచింది. దుస్తులో గాలి నింపితే బెలూన్‌లా బిగుసుకుపోతుంది, మోచెయ్యి వంగదు. వీళ్లు కీళ్ల దగ్గర హార్మోనియం తిత్తిలా మడతలున్న రబ్బరు భాగాలు అమర్చారు. ఒక పక్క మడత ముడుచుకుంటే మరో పక్క విప్పుకుంటుంది, లోపలి గాలి నలగదు, చెయ్యి వంగుతుంది. ఒంటికి అతుక్కుని కూడా ఒంటిని కదలనిచ్చే దుస్తు ఎలా ఉండాలో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మొత్తం ఇరవయ్యొక్క పొరలు. ఒంటిని ఆనుకుని సన్నటి గొట్టాల్లో నీళ్లు పారే లోదుస్తు. దానిపైన గాలిని పట్టి ఉంచే రబ్బరు పూత గుడ్డ. ఆపైన అల్యూమినియం పూసిన పలుచని ప్లాస్టిక్ రేకులు, ఒకదానికొకటి అంటుకోకుండా మధ్య మధ్య వల లాంటి గుడ్డ. అన్నిటికన్నా పైన తెల్లగా కనిపించేది బీటా గుడ్డ. పట్టుపోగుకన్నా సన్నని గాజు నారకు టెఫ్లాన్ పూసి నేసిన గుడ్డ. 1967 జనవరి 27న నేలమీదే అపోలో 1 గదిలో నిప్పంటుకుని ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. అంటుకోని గుడ్డ పైపొరగా రావడానికి కారణం ఆ ముగ్గురి చావు. ఈ మాట పిల్లలకు చెప్పేటప్పుడు నేను గొంతు తగ్గిస్తాను.

పొరలన్నిటినీ కలిపి కుట్టింది మామూలు కుట్టుమిషన్ల మీదే, ఆడవాళ్లే. ఎలినార్ ఫోరేకర్ లాంటి పర్యవేక్షకుల చేతికింద పనిచేశారు. కుట్టు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా ఆ దుస్తు పనికిరాదు. రవికె కుట్టేటప్పుడు గుడ్డ జారకుండా గుండుసూదులు పెట్టుకుంటాం కదా. ఇక్కడ సూదులకు లెక్క. ఒకసారి పొరల మధ్య గుండుసూది మిగిలిపోయి కనబడ్డాక, కుట్టుగదిలోకే ఎక్స్‌రే యంత్రం తెచ్చి పెట్టారు.

ఇది చెబుతుంటే ఒక పిల్లవాడు అడిగాడు: "గుండుసూదికి అంత భయమెందుకు సార్?" "సైకిల్ ట్యూబుకు ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది?" అన్నాను. "పంక్చర్." "అక్కడ పంక్చర్ షాపు లేదు నాయనా." ఆ తర్వాత వాడు చాలాసేపు ఆ బిళ్లనే చూశాడు.

చేతితొడుగుల సంగతి మరీ గొప్పది. ఎవరి చేతికి వారిదే అచ్చు తీసి వాటిని పోశారు. వేళ్ల కొనలకు సిలికోన్ రబ్బరు, అరచేతికి ఉక్కు దారంతో నేసిన గుడ్డ. వీపున ప్రాణవాయువు పెట్టెతో కలిపితే భూమ్మీద దాదాపు ఎనభై కిలోల బరువు, చంద్రుడి మీద పద్నాలుగుకు దిగుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ రెండున్నర గంటలు ఆ కుట్ల మధ్యే నడిచారు, రాళ్లు ఏరారు, జెండా పాతారు. ఒక్క కుట్టూ ఊడలేదు.

అదే బీటా గుడ్డతో, ఏరిన రాళ్లు తేవడానికి ఒక సంచీ కుట్టారు. లోపల చంద్రధూళి అంటుకున్న ఆ సంచీని లెక్కల్లో పొరపాటు పడి వెయ్యి డాలర్లలోపే వేలంలో వదిలేశారు. 2017 జులై 20న న్యూయార్క్‌లో మళ్లీ వేలం వేస్తే 18 లక్షల డాలర్లు పలికింది. మనకు అంత అందదు. అందాల్సిన పనీ లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ దుస్తు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది, లోపలి రబ్బరు ఏడాదికేడాది పెళుసెక్కుతుంటే చల్లని, తేమ తక్కువ గదుల్లో పెట్టి కాపాడుతున్నారు. మన బిళ్లకు అంత సేవ అక్కర్లేదు. జిగురు పెట్టి ఆల్బంలో అంటించకపోతే చాలు, ఎండకు పెట్టకపోతే చాలు.

చివరిగా ఒక మాట, మార్కాపురం, గిద్దలూరు వైపు పాఠకులకు. బిళ్ల వచ్చిన రోజున మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చాయి. ప్రకాశం అనే పేరు ఆ జిల్లాకు 1972లో పెట్టారు. అంటే ఈ చంద్రుడి బిళ్ల అంటించి, చిరునామాలో మార్కాపురం, కర్నూలు జిల్లా అని సరిగ్గా రాయగలిగిన కాలం డెబ్బయ్యయిదు రోజులే. అలాంటి కవరు నాకింకా కనబడలేదు. మీ తాతగారి ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాల కట్ట ఉంటే, పాతపేపర్ల బండికి వేసేముందు ఒక్కసారి విప్పండి. గోధుమరంగు బిళ్ల కనబడితే కవరు నుంచి ఊడదీయకండి, ముద్రతో సహా అలాగే ఉంచండి.