రైలెక్కి కొండపిట్టల దగ్గరికి

పక్షుల కోసం కొండెక్కాలనుకునేవారు రైళ్ల వేళల కంటే ముందు సూర్యోదయ వేళ చూసుకోవాలి. అడవిలో పిట్టలు బాగా తిరిగేది, కూసేది తెల్లవారిన తర్వాత రెండు మూడు గంటలే. ఎండ ముదిరాక కొమ్మల్లో కదలిక తగ్గిపోతుంది, మళ్లీ పొద్దు వాలే ముందు కొంచెం సందడి ఉంటుంది. డిసెంబరులో విశాఖ ప్రాంతంలో ఆరుంబావు దాటాక పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఐదున్నరకల్లా వాలిపోతుంది. మైదానంలో ఉదయం బయలుదేరే బస్సుగాని రైలుగాని ఆ వేళకు ఎవరినీ కొండ మీదికి చేర్చలేదు. సొంత కారు ఉన్నవాళ్లు అర్ధరాత్రి బయలుదేరి ఈ చిక్కును దాటేస్తారు. బస్సులోగాని రైల్లోగాని వెళ్లేవారికి ఉన్న దారి ఒక్కటే: ముందురోజు సాయంత్రానికే కొండ మీదికి చేరి, మంచం దిగి నడిస్తే చాలు అడవి అంచు వచ్చేచోట పడుకోవడం. మిగతా ఏర్పాట్లన్నీ దీన్నిబట్టే నడుస్తాయి.

తెలుగువారికి ఇలాంటి ప్రయాణానికి విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారి కంటే అనువైనది మరొకటి లేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960లలో జపాను సహకారంతో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ఈ కొండల్లోంచే పోతుంది. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక రైలు మైదానాన్ని వదిలి సొరంగాల్లో దూరుతూ, వంతెనలు దాటుతూ ఎక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస దాటి, సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉన్న శిమిలిగుడకు చేరి, అక్కడినుంచి అరకు లోయలోకి దిగుతుంది. ఇంచుమించు ఇదే వరుసలో ఘాట్ రోడ్డూ ఉంది. విశాఖలో జనం కాంప్లెక్స్ అని పిలిచే ద్వారకా బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులు ఎస్.కోట, టైడా, అనంతగిరి మీదుగా అరకు వెళతాయి. దూరం 115 కిలోమీటర్ల వరకు ఉంటుంది, ప్రయాణానికి నాలుగు గంటలు చేతిలో ఉంచుకోవాలి.

కిరండూల్ పాసింజరు విశాఖ నుంచి ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైలులో వచ్చి, తెల్లవారాక దాన్ని అందుకోవాలని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ రైలు ఒక గంట ఆలస్యమైతే ఈ లెక్క తప్పుతుంది. అలాంటప్పుడు కాంప్లెక్స్‌కు వెళ్లి బస్సెక్కడం తప్ప మార్గం లేదు కాబట్టి ఆ బస్సుల వేళలు ముందే రాసిపెట్టుకోవాలి. పాసింజరుకు ఉండే అద్దాల పెట్టెకు టికెట్లు త్వరగా అయిపోతాయి. పిట్టల కోసం వెళ్లేవారు అందుకు బాధపడనక్కర్లేదు, మామూలు పెట్టెలో తెరిచిన కిటికీ అంతకంటే మేలు. రైలు ఏ స్టేషన్లో ఆగుతుందో, ఎన్నింటికి వస్తుందో మారుతూ ఉంటుంది. బయలుదేరే ముందురోజు మరోసారి చూసుకోవడం తప్పనిసరి.

ఎక్కడ దిగాలన్నదే అసలు నిర్ణయం. సాధారణంగా అందరూ అరకులో దిగుతారు. అరకు లోయ పొలాలతో, ఊళ్లతో నిండిన చోటు. అక్కడినుంచి మంచి అడవికి చేరాలంటే మళ్లీ ఆటో కావాలి. అనంతగిరి చుట్టూ నీడచెట్ల కింద కాఫీ తోటలున్నాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి, ఆ పైకొమ్మల్లో పిట్టలకు పని దొరుకుతుంది. వీటన్నిటికంటే టైడా మేలు. ఘాట్ మొదట్లో, తక్కువ ఎత్తులో, తేమగా ఉండే అడవి మధ్య ఉన్న చిన్న ఊరు అది. పర్యాటక శాఖ వసతి గృహాలు అక్కడే ఉన్నాయి, బస్సు దారి పక్కనుంచే పోతుంది. రెండు రాత్రులే చేతిలో ఉన్నవారు రెండూ టైడాలోనే గడపడం మంచిది. మూడో రాత్రి ఉంటే అనంతగిరికి బస్సులో ఎక్కవచ్చు. ఒక్క ప్రయాణంలో బొర్రా, కటికి జలపాతం, అరకు, లంబసింగి అన్నీ చుట్టేయాలనుకుంటే రోజులో మంచి గంటలన్నీ బస్‌స్టాపుల్లోనే కరిగిపోతాయి.

ఈ కొండల పక్షులకు ఒక ప్రత్యేకత ఉంది. హిమాలయ పాదాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఉండే కొన్ని జాతులు వందల కిలోమీటర్ల ఎడం తర్వాత మళ్లీ ఇక్కడ కనిపిస్తాయి. 1930 ప్రాంతంలో జరిగిన వెర్నే సర్వే ఈ కొండల్లోనూ పక్షుల నమూనాలు సేకరించింది. ఆ తర్వాత విశాఖకు చెందిన పక్షి శాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, అమెరికా శాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లే, బ్రూస్ బీలర్‌లతో కలిసి చేసిన పరిశోధన 1980ల చివర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది. నేల దగ్గరి పొదల్లో తిరిగే గోధుమరంగు చిన్న పిట్ట అబ్బాట్స్ బాబ్లర్‌లో ఇక్కడి ఉపజాతికి 1985లో కృష్ణరాజు పేరే పెట్టారు. రంగుల పిట్టల కోసం వెతికేవారి కంటికి అది ఆనదు. అయినా విశాఖ కొండలకు వచ్చి దాని గొంతైనా వినకుండా వెళ్లడం పెద్ద లోటు.

శీతకాలంలో ఇక్కడ చిన్న పిట్టలు జాతిభేదం లేకుండా గుంపు కట్టి మేత వెతుక్కుంటాయి. ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు కదిలిపోయే ఆ గుంపులో ఏట్రింతలు, వడ్రంగి పిట్టలు, ఆకుల మధ్య ఆకుల్లా కలిసిపోయే వార్బ్లర్లు ఉంటాయి. తోక కొసన రెండు ఈకలు వేలాడే పెద్ద ఏట్రింత గొంతు వినిపిస్తే ఆ పరిసరాల్లో గుంపు ఉండే అవకాశం ఎక్కువ. దాని వెంట పరుగెత్తకుండా, అది వచ్చే దిక్కు గమనించి ముందే ఒకచోట కదలకుండా కూర్చోవాలి. వాహనం లేనివారికి ఈ పని సహజంగా అబ్బుతుంది. ఒకే రెండు కిలోమీటర్ల దారిలో ఉదయం, సాయంత్రం, మళ్లీ మర్నాడు ఉదయం నడిచినవారికి షామా పాట, కొండగొరవంకల కేక, అడవికోడి కూత ఏ మలుపులో వినిపిస్తాయో తెలిసిపోతుంది. కారులో పది చోట్ల ఆగినవారికి అది తెలియదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వలస పిట్టలు అప్పటికి వచ్చి ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వస్తే ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి రైలు, రోడ్డు రెండూ ఆగిపోవచ్చు. డిసెంబరు, జనవరుల్లో లోయ పైభాగంలో పొగమంచు ఆలస్యంగా విడుస్తుంది. అప్పుడు కూతలు వినడమే తప్ప పిట్ట కనిపించదు, టైడాకు ఓటు వేయడానికి ఇదీ ఒక కారణమే. శని, ఆదివారాలు మానుకోవాలి, ఆ రోజుల్లో రోడ్డంతా కార్లే. సంత రోజున బస్సులు, సర్వీసు జీపులు కిక్కిరిసిపోతాయి, సంచులతో ఎక్కడం కష్టం.

తిరుగు ప్రయాణం ఈ దారిలో కలిసొస్తుంది. కిరండూల్ నుంచి వచ్చే రైలు అరకుకు మధ్యాహ్నం దాటాకే చేరుతుంది కాబట్టి చివరి ఉదయం కూడా పిట్టలకే దక్కుతుంది. ఆ రైలు ఆలస్యం కావడం మామూలే. విశాఖలో అదే రాత్రి మరో రైలు అందుకోవాలనుకునేవారు దాన్ని నమ్ముకోకుండా ముందే బస్సులో దిగిపోవడం క్షేమం.

లంబసింగి వైపు వెళ్లాలంటే దారి వేరు. నర్సీపట్నం చేరి అక్కడ చింతపల్లి బస్సెక్కాలి. పక్షి శాస్త్రవేత్త ట్రెవర్ ప్రైస్ 1970లలో పని చేసిన చోటు లంబసింగి. దాన్ని అరకుతో ముడిపెట్టకుండా విడి ప్రయాణంగా పెట్టుకుంటే మంచిది.

సామాను ఒడిలో పట్టేంతే ఉండాలి. 8x42 బైనాక్యులర్ చాలు. అంతకంటే పెద్దది అడవి చీకటిలో చేయి వణికించడం తప్ప అదనంగా చూపేది తక్కువ. పిట్టలను గుర్తుపట్టడానికి వాడే మెర్లిన్ యాప్‌లో పక్షుల సమాచారం విశాఖలో ఉండగానే దించుకోవాలి, ఘాట్‌లో సిగ్నల్ ఉంటుందన్న భరోసా లేదు. టార్చిలైటు, స్వెట్టరు, చిల్లర నోట్లు, ఉదయం హోటళ్లు తెరవకముందు తినడానికి అరటిపళ్లు, దోమల మందు ఉండాలి. ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది.

రైలు పట్టాల వెంట, సొరంగాల దగ్గర నడవడం ప్రాణాంతకం, చట్టరీత్యా నేరం కూడా. కాఫీ తోటల్లో చాలావరకు ఆదివాసీ కుటుంబాలవి, అడిగి అడుగుపెట్టాలి. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి కావాలి. దారి చూపడానికి ఊరి కుర్రాణ్ని వెంట తీసుకెళ్లి రోజు కూలి ఇవ్వడం అన్నిటికంటే మంచి ఏర్పాటు. అతనికి తెలిసిన చెట్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. పిట్టను రప్పించడానికి ఫోనులో దాని కూత వినిపించడం మానాలి. తన హద్దులోకి మరొకటి వచ్చిందని భ్రమపడి అది మేత మానేసి వెతుకుతుంది.

చూసిన ప్రతి పిట్టనూ తేదీ, వేళ, చోటుతో సహా ఆ రాత్రే రాసుకోవాలి. అరకు అని రాస్తే ఎవరికీ పనికిరాదు. టైడా, చిమిడిపల్లి, అనంతగిరి అని విడివిడిగా రాసి, పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో చేర్చితే, కృష్ణరాజు చూసినవాటిలో ఇప్పుడు ఏవి మిగిలాయో పోల్చి చూడటానికి ఆధారం దొరుకుతుంది. ఈ చలికాలం అరకు టికెట్ కొనేవారు ఒక నోటు పుస్తకం కూడా సంచిలో పెట్టుకోండి.