గల్లీ నగరం, గేటు నగరం

హైదరాబాద్ రోడ్ల గురించి మాట వస్తే పాతబస్తీ గల్లీలను తిట్టడం, కోకాపేట వైపు వెడల్పు రోడ్లను మెచ్చుకోవడం మనకు అలవాటు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మెప్పు సగం చెల్లదు.

1591లో కట్టిన చార్మినార్ దగ్గర నాలుగు పెద్ద దారులు కలుస్తాయి. వాటి వెనక మొహల్లాలు ఏళ్ల తరబడి అల్లుకున్నాయి. గల్లీలు కొన్ని ఎవరి గుమ్మం దగ్గరో ఆగిపోయే మాట నిజమే. అయితే అలా మూసుకున్న ముక్క చిన్నది. నాలుగడుగులు వెనక్కి వేస్తే మరో సందు దొరుకుతుంది. లాడ్ బజార్ నుంచి చౌమహల్లా ప్యాలెస్‌కు నడిచి వెళ్లేవాళ్లకు ఒకటికి రెండు దారులు. ఫైరింజను, అంబులెన్సు దూరలేకపోవడం మాత్రం చిన్న లోపం కాదు.

1998లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ వచ్చాక, కోకాపేట ఉన్న పడమటి వైపు నగరం పెరిగిన తీరు వేరు. అక్కడ భూమి సర్వే నంబర్ల వారీగా చేతులు మారింది. కొన్నవాళ్లు కొన్నంతలో లేఅవుట్ వేసి, ప్రహరీ కట్టి, గేటు పెట్టారు. పక్క లేఅవుట్‌తో దారి కలిపే పని చాలాచోట్ల ఎవరిదీ కాకుండా పోయింది. లోపల రోడ్లు గీత గీసినట్టుంటాయి. గోడ అవతలి కిరాణా కొట్టుకు పోవాలంటే మాత్రం మెయిన్ రోడ్డెక్కి యూటర్న్ తీసుకోవాలి. బండి లేకుండా పాల ప్యాకెట్టు కూడా రాదు. అందరి బండ్లూ ఆ ఒక్క రోడ్డు మీదే పడితే, దాన్ని ఎంత వెడల్పు చేసినా చాలదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రయాణ సమయాన్ని తగ్గించింది. ఆ ధీమాతోనే లేఅవుట్లు ఇంకా దూరం జరిగాయి.

పాతబస్తీకి వెడల్పు కరువు, పడమటికి కలయిక కరువు. రెండూ సరిదిద్దడం కష్టమే. కానీ మొదటిది గుర్రపు బండ్ల కాలం మిగిల్చిన ఇబ్బంది. రెండోది ప్లాను గీసి, ఫీజు కట్టి, అనుమతి తీసుకుని మరీ తెచ్చుకున్నది. 2017లో రోడ్ల అభివృద్ధికి ప్రత్యేక కార్పొరేషన్ పెట్టి లింకు రోడ్లు వేయాల్సి రావడమే దీనికి సాక్ష్యం. ముందే గీయగలిగిన దారిని ఇప్పుడు భూసేకరణతో కొనుక్కుంటున్నాం.

భవనాన్ని కూల్చి మళ్లీ కట్టుకోవచ్చు. దారుల అమరిక తరాలపాటు అలాగే ఉండిపోతుంది. అందుకే లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అధికారి రోడ్డు ఎన్ని అడుగులని అడిగేముందు, పక్క సర్వే నంబర్లో అది ఎక్కడ కలుస్తుందో అడగాలి. ప్లాటు కొనేవాళ్లూ అదే అడగాలి.