అట్ట మీది ముద్ర: డౌన్‌లోడ్ల కాలంలో డిస్కు, తెలుగు పాట కర్తృత్వం

పాటలు డౌన్‌లోడ్ రూపంలో సులభంగా దొరుకుతున్న రోజుల్లో కూడా కొందరు శ్రోతలు డబ్బు పెట్టి డిస్కులు కొంటున్నారు. ఈ అలవాటును సమర్థించేవారు ధ్వని నాణ్యతను కారణంగా చూపుతారు. ఆక్షేపించేవారు దీన్ని గతకాలపు మమకారంగా కొట్టిపారేస్తారు. చర్చ ఈ రెండింటి చుట్టూనే తిరగడం వల్ల సాహిత్య విమర్శకు నేరుగా సంబంధించిన ప్రశ్న మరుగున పడింది. ఈ పాట ఎవరి రచన? దాని ప్రామాణిక పాఠం ఏది? పుస్తకానికి ముఖపత్రం చేసే పనిని పాటకు డిస్కు అట్ట చేస్తుంది. ముఖపత్రం చిరిగిపోయిన ప్రతిని పరిష్కర్త ఎంత జాగ్రత్తగా చూస్తాడో, అట్ట లేకుండా చేతికి వచ్చిన పాటను కూడా అంత జాగ్రత్తగా చూడవలసి ఉంటుంది.

ధ్వని విషయం త్వరగా తేలిపోతుంది. సీడీ సెకనుకు 44,100 నమూనాలను 16 బిట్ల చొప్పున నమోదు చేస్తుంది. రెండు చానళ్లకు కలిపి అది సెకనుకు సుమారు 1,411 కిలోబిట్ల సమాచారం. 128 కిలోబిట్ల ఎంపీ3 అందులో పదకొండో వంతు మాత్రమే. అయితే సీడీతో సమానమైన నాణ్యత గల ఫైళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి కనుక ఈ వాదానికి బలం తగ్గింది. పైగా వైపుకు మూడు నిమిషాలకు కాస్త పైగా పట్టే 78 వేగం లక్క రికార్డు నుంచి ఎత్తిన పాట సీడీలోకి ఎక్కినంత మాత్రాన కొత్త ధ్వనిని సంతరించుకోదు. అమెరికాలో 2020లో వినైల్ రికార్డుల రాబడి సీడీల రాబడిని దాటింది. 1980ల తరువాత అలా జరగడం అదే మొదటిసారి. సీడీ కన్నా పాతదైన వినైల్ వైపు కొనుగోలుదారులు మళ్లారంటే వారు కోరుకునేది కొలతలకు అందే నాణ్యత ఒక్కటే కాదని అర్థమవుతుంది.

తెలుగు గేయ సంప్రదాయం కర్తృత్వ సమస్యను చాలా ముందే గుర్తించింది. పదం నోటి నుంచి నోటికి ప్రయాణిస్తుంది. దాని వెంట కాగితం వెళ్లదు. అందుకే వాగ్గేయకారుడు తన గుర్తును పాటలోనే పొదిగాడు. అన్నమయ్య వేంకటేశ ముద్ర, క్షేత్రయ్య మువ్వగోపాల ముద్ర, త్యాగరాజు స్వనామ ముద్ర ఇలాంటివే. గాయకుడు మారినా, ఊరు మారినా చివరి చరణం కర్తను చెబుతూనే ఉంటుంది. రికార్డింగు తొలినాళ్లలో యంత్రానికి కూడా ఇటువంటి ఉపాయమే అవసరమైంది. 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరును ఇంగ్లీషులో ప్రకటించింది. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడి పనివారికి ఎవరి పాటకు ఏ పేరు అతికించాలో తెలియడానికి ఆ ప్రకటన తోడ్పడింది. సినిమా పాటకు ఈ రెండూ లేవు. అందులో కవి ముద్ర ఉండదు, గాయకుడు పేరు చెప్పడు. కాబట్టి లేబులు, అట్ట, హాళ్లలో అమ్మిన పాటల పుస్తకం కలిసి దాని ముద్ర బాధ్యతను మోశాయి. 78 వేగం రికార్డుల లేబుళ్లు అన్నీ కవి పేరును ఇచ్చాయని చెప్పలేము. అయినా సంస్థ పేరు, రికార్డు సంఖ్య ఉన్నందువల్ల విచారణ మొదలుపెట్టడానికి ఒక చోటు దొరికేది.

1980లో వచ్చిన 'శంకరాభరణం' ఈ విషయంలో మంచి పరీక్ష. సంగీతం కె.వి. మహదేవన్‌ది. పాటల్లో చాలావరకు వేటూరి సుందరరామమూర్తి రచనలు. వాటి మధ్య సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కీర్తన, భద్రాచల రామదాసు కీర్తనలు, మైసూరు వాసుదేవాచార్య కృతి ఉన్నాయి. శతాబ్దాల దూరంలో ఉన్న రచయితలు ఒకే చిత్రంలో, దాదాపు ఒకే కంఠాలలో వినిపిస్తారు. వేటూరి ప్రతిభ ఇక్కడ ఎక్కడుందో తెలియాలంటే ఏది ఆయనది, ఏది కాదు అన్నది ముందు తెలియాలి. కీర్తన భాషకు అతి సమీపంగా వెళ్లి, అది కీర్తన కాదని మాత్రం తెలిసేలా రాయడమే ఆయన సాధించినది. డిజిటల్ జాబితాలో ఈ పాటలన్నిటికీ మొదట కనిపించేది 'ఆర్టిస్ట్' అనే ఒకే గడి. అందులో తరచుగా గాయకుల పేర్లో, సంగీత దర్శకుడి పేరో ఉంటుంది. రచయిత పేరు మరో పొర లోపల ఉండవచ్చు, ఖాళీగానూ ఉండవచ్చు. వాగ్గేయకారుడనే భావనకు ఆ పట్టికలో చోటే లేదు. రామదాసును, వేటూరిని ఒకే ధ్వనిగా వినే శ్రోతను తప్పుపట్టి ప్రయోజనం లేదు, అతనికి అందిన పాఠమే అలాంటిది.

రంగస్థలం మీద కూడా ఇటువంటి కలగలుపు జరిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్రీయం' కాటి సీనులో నటులు జాషువా శ్మశానవాటి పద్యాలను చేర్చి పాడారు. కులం కారణంగా అవమానాలు భరించిన కవి పద్యాలు ఆయన పేరు వినబడకుండా ప్రతి ఊరి పందిరిలోనూ మోగాయి. ఇటువంటి చోట కర్త పేరును పేర్కొనడం సాంకేతిక లాంఛనం కాదు.

ఈ నష్టాన్ని డౌన్‌లోడ్ల మీదికే నెట్టడం న్యాయం కాదు. డిస్కు రూపంలోనే అది ముందుగా మొదలైంది. బజారులో వందేసి పాటలతో అమ్మిన ఎంపీ3 సీడీలు గాయకుడి పేరును, బొమ్మను అచ్చువేసి కవిని వదిలేశాయి. అది డిస్కే గాని ముద్రణ కాదు. మరోవైపు నేటి లిరికల్ వీడియోలు కొత్త పాటల విషయంలో రచయిత పేరును ప్రముఖంగానే చూపుతున్నాయి. సాహిత్యాన్ని చాలాసార్లు రోమన్ లిపిలో చూపడం మాత్రం విచారకరం. పైగా ఆ వీడియోను ఏ క్షణంలోనైనా తొలగించవచ్చు, మార్చి పెట్టవచ్చు. అమ్ముడైపోయిన డిస్కును అలా దిద్దడం ఎవరివల్లా కాదు. పరిష్కర్తకు కావలసినది ఈ దిద్దరానితనమే.

చట్టం కూడా అట్టను దృష్టిలో ఉంచుకునే మాట్లాడింది. కాపీరైట్ చట్టంలోని 52-ఎ సెక్షన్ ధ్వనిముద్రణ మీద, దాన్ని ఉంచిన పెట్టె మీద తయారీదారు, హక్కుదారుల పేర్లు, చిరునామాలు, తొలి ప్రచురణ సంవత్సరం ఉండాలంటుంది. గేయరచయిత పేరును విడిగా అడగదు. 2012 సవరణ రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వదులుకోరాని సమాన వాటాను కల్పించింది. పేరు నమోదు కాని చోట ఆ వాటా ఎవరికి చేరుతుందన్నది కవుల కుటుంబాలకు అన్నం ప్రశ్న.

చెన్నైలో దశాబ్దాలపాటు గ్రామఫోను రికార్డులు సేకరించిన వి.ఎ.కె. రంగారావు సినీ సంగీత విమర్శకు బలం ఆ సేకరణే. ఆయన రుచులతో విభేదించవచ్చు గాని, ఆయన మాట వెనుక చేతితో పట్టి చూడదగిన సాక్ష్యం ఉంటుంది. విశ్వవిద్యాలయాలలో సినిమా పాట మీద పరిశోధన పెరిగినా, రికార్డు సంఖ్యతో డిస్కును ఉదహరించే అలవాటు పెరగలేదు. పరిశోధకులు పాటను ఇంకా అచ్చు సంకలనం నుంచే ఎత్తి రాస్తున్నారు.

కరుణశ్రీ 'పుష్పవిలాపం' అందరికీ తెలిసిన ఖండిక. ఎక్కువమందికి తెలిసినది మాత్రం 'ఉదయశ్రీ' పుటల ద్వారా కాదు, ఘంటసాల రికార్డు ద్వారా. ఆ రికార్డులో పద్యాల మధ్య గాయకుడు వచనంలో పలికే సంధివాక్యాలున్నాయి. పువ్వు మాట్లాడబోయే ముందు శ్రోత మనసును మెత్తబరిచేవి అవే. ఖండిక కరుణరసాన్ని ఆ వచనం పెంచిందా, పద్యం తానుగా చేయగల పనిని ముందే చెప్పేసిందా అన్నది విమర్శ తేల్చవలసిన విషయం. దానికి కావ్యం ప్రతి ఒక చేతిలోనూ, రికార్డు మరో చేతిలోనూ ఉండాలి. శ్రోతలు కంఠస్థం చేసిన ఆ వచనాన్ని రాసింది ఎవరో వెతికేవారు కూడా ముందుగా తిప్పి చూడవలసింది ఆ రికార్డు అట్టనే.