ఆలిస్ అప్పజెప్పిన పాఠములు

లూయీ కారల్ అను మాఱుపేరుతో చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్ రచించిన 'ఆలిస్ ఇన్ వండర్లాండ్' 1865లో ప్రకటితమైనది. రచయిత ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలో గణితోపాధ్యాయుడు. కళాశాలాధిపతియైన హెన్రీ లిడ్డెల్ కుమార్తెలు ముగ్గురిని 1862 జూలై 4వ తేదీన పడవపై తీసికొనిపోవుచు ఆశువుగా చెప్పిన కథయే పిదప గ్రంథమైనదని అందఱు నెఱిగినదే. బాలసాహిత్యమును నీతిబోధనుండి విడిపించిన గ్రంథమని దీనిని సాహిత్యచరిత్రకారులు పొగడుదురు. ఆ పొగడ్త సత్యమే. కాని దీనిని చేత బట్టి తరగతిగదిలో నిలిచిన యుపాధ్యాయునకు అందువలన కలుగు సహాయము స్వల్పము. బడిని పరిహసించు గ్రంథమును బడిలో నెట్లు చెప్పవలెనను ప్రశ్న ఆతనికి మొదటి దినముననే ఎదురగును.

సాధారణముగ రెండు మార్గములు కనబడుచున్నవి. పాఠశాలలలో దీనిని ఉపవాచకముగ చెప్పువారు కథాసంగ్రహమును వ్రాయించి, పాత్రల పట్టికను కట్టించి, తుదకు నీతి యేమని యడుగుదురు. విశ్వవిద్యాలయములలో చెప్పువారు కలకు మనస్తత్త్వశాస్త్రరీతిని అర్థము చెప్పుదురు. విలియం ఎంప్సన్ 1935లో ప్రకటించిన 'సమ్ వెర్షన్స్ ఆఫ్ పాస్టొరల్' అను గ్రంథములోని తుది వ్యాసము ఈ రెండవ మార్గమునకు ఒరవడి దిద్దినది. ఎంప్సన్ ప్రతిభను మేము తక్కువ చేయము. ఆయన వెనుక నడచినవారిలో మాత్రము గ్రంథము మఱుగుపడి కల యొక్కటే మిగిలినది. ఇక నీతి నడుగువారి మాట. నవలలో తొమ్మిదవ ప్రకరణమున డచెస్ అను పాత్ర గలదు. ఆమెకు ఏ మాట విన్నను అందొక నీతి కనబడును. ఆవాల ప్రసక్తి వచ్చినను నీతియే. ఆలిస్ భుజముపై తన వాడియైన గడ్డము నానించి ఆమె నీతులు చెప్పుచుండును. పాఠము చివర నీతి నడుగు నుపాధ్యాయుడు తెలియకయే ఆ గడ్డమును ధరించుచున్నాడు. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికలోని మృగపక్షులు నీతికొఱకే నోరు విప్పును. దానిని చదివి వచ్చిన మన విద్యార్థి కారల్ జంతువులయందును నీతిని వెదకుట సహజము. ఈ జంతువులో, పిల్లకు బుద్ధి చెప్పవు. పాఠము అప్పజెప్పుమని గద్దించును.

మా యభిప్రాయమున ఈ అప్పజెప్పుటయే నవలకు వెన్నెముక. కుందేటి బొరియలో పడుచుండగనే ఆలిస్ అక్షాంశ రేఖాంశములను తలచుకొనును. వాని యర్థ మామెకు తెలియదు. పలుకుటకు గంభీరముగ నున్నవని సంతోషించును. రెండవ ప్రకరణమున తాను తానేనా యను సందేహము కలిగినప్పుడు, దానిని తీర్చుకొనుటకు ఆమె అద్దమును వెదకదు. ఎక్కములు చెప్పి చూచుకొనును. రాజధానుల పేరులు చెప్పి చూచుకొనును. తుదకు ఒడిలో చేతులు కట్టుకొని పద్యము నప్పజెప్పును. మూడును తప్పును. అంతట తాను మేబెల్ అను వేఱొక పిల్ల నైపోతినని కన్నీరు పెట్టుకొనును. మేబెల్‌కు చదువు రాదు. ఆమె యిల్లు ఇఱుకైనది. ఆడుకొనుటకు బొమ్మలైనను లేవు. పాఠము తప్పినచో పేరు, ఇల్లు, బొమ్మలు అన్నియు పోవునని ఆ బాలిక నమ్ముచున్నది. పరీక్షాఫలితములు వెలువడిన నాడు మన పిల్లల ముఖములను చూచినవారికి ఇది వింతగా తోచదు.

ఆ పడవప్రయాణము జరిగిన 1862లోనే ఇంగ్లండున సవరించిన విద్యానియమావళి వెలువడినది. చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూటియందు పరీక్షాధికారి యెదుట పిల్లలు తేఱినదానిని బట్టి బడికి ప్రభుత్వధనము లభించు పద్ధతి అది. ఆలిస్ వంటి సంపన్నగృహముల బాలికలు ఆ బడులకు పోవువారు కారు. కనుక ఈ రెంటిని కార్యకారణములుగ ముడిపెట్టరాదు. అయినను అప్పజెప్పుటయే చదువను భావము ఆనాడు ఇంటను బడిలోను ఎంతగా వ్యాపించియుండెనో దీనివలన ఊహింపవచ్చును.

ఆలిస్ అప్పజెప్పబోయిన పద్యము ఐజాక్ వాట్స్ 1715లో పిల్లలకై ప్రకటించిన భక్తిగీతములలోనిది. శ్రమించు తేనెటీగను చూచి సోమరితనము మానుమని దాని సారము. ఆలిస్ నోట తేనెటీగ మొసలి యైనది. తేనె కూర్చుటకు బదులు ఆ మొసలి నైలునదీజలముతో తన తోకకు మెఱుగుపెట్టుకొని, చిన్నచేపలను చిఱునవ్వుతో నోటిలోనికి పిలుచును. ఛందస్సు చెడలేదు, అంత్యప్రాసములు చెడలేదు, వాక్యముల నడక చెడలేదు. చెడినది నీతి యొక్కటే. గొంగళిపురుగు చెప్పించిన విలియం తాత పద్యము రాబర్ట్ సౌదీ 1799 నాటి పద్యమునకును, గ్రిఫిన్ నిలువబెట్టి చెప్పించిన ఎండ్రరొయ్య పద్యము వాట్స్ వ్రాసిన సోమరిపద్యమునకును ఇట్టి వికృతులే.

1865 నాటి పాఠకబాలునకు ఈ మూలములు కంఠస్థములు. నేడు వాట్స్ తేనెటీగను ఎఱిగినవారు చాలవఱకు కారల్ మొసలి ద్వారముననే దాని నెఱుగుదురు. అనుకరణము బ్రతికి మూలము మఱుగుపడినది. ఇచట నొక చిక్కు గలదు. వల్లెవేయుటను పరిహసించిన యీ నవల, వల్లెవేసిన పిల్లలున్నంతకాలమే సంపూర్ణముగ నవ్వించును. మార్టిన్ గార్డ్‌నర్ 1960లో ప్రకటించిన సవ్యాఖ్యానప్రతి మూలపద్యములను చూపి గొప్ప యుపకారము చేసినది. అయినను అంచున నున్న వ్యాఖ్యను చదివి పిదప నవ్వువాడు నవ్వుటలేదు. నవ్వవలసిన చోటని తెలిసికొనుచున్నాడు. మన అధ్యాపకులకు ఈ చిక్కు క్రొత్త కాదు. జరుక్ శాస్త్రిగా ప్రసిద్ధులైన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలను పాఠము చెప్పినవారు దీనిని అనుభవించియే యుందురు. మూలకవి గొంతు చెవిలో లేనివానికి పేరడీ యొక వంకర పద్యముగ మాత్రమే మిగులును.

కావున బోధనాక్రమమును మార్చవలెనని మేము చెప్పుదుము. నవలను తెఱచుటకు పదునైదు దినములు ముందే, రాబోవు పరిహాసమును గూర్చి ఒక్క మాటయు చెప్పక, వాట్స్ పద్యమును శ్రద్ధతో కంఠస్థము చేయింపవలెను. పిమ్మట ఉపాధ్యాయుడు రెండవ ప్రకరణమును బిగ్గరగా చదివినప్పుడు విద్యార్థి పెదవులు తేనెటీగకై సిద్ధపడియుండగా చెవిలో మొసలి పడును. అప్పుడు పుట్టు నవ్వునకు వ్యాఖ్య యక్కఱలేదు. పరిహాసమునకు గుఱిచేయుటకై పద్యమును నేర్పుట మోసము కాదా యని కొందఱు అడుగుదురు. మూలము చేవగల పద్యము కానిచో దానిపై అనుకరణము నిలువనే నిలువదు. ఆ చేవ నెఱుగుటయు చదువులోని భాగమే.

ఎక్కముల సంగతి యొకింత చెప్పి విడిచెదము. నాలుగైదులు పండ్రెండనియు, నాలుగాఱులు పదుమూడనియు చెప్పి, ఈ లెక్కన తా నిరువదిని ఎన్నటికిని చేరలేనని ఆలిస్ వాపోవును. 20ని 18 ఆధారముగ గల సంఖ్యాపద్ధతిలో 12 అనియు, 24ను 21 ఆధారముగ గల పద్ధతిలో 13 అనియు వ్రాయవచ్చునని, ఇట్లు ఆధారమును మూడేసి పెంచుచు పోయినచో 4ను 12తో హెచ్చించునంతవఱకు వరుస సాగి, 13తో హెచ్చించినప్పుడు 20 రాక తప్పిపోవునని వ్యాఖ్యాతలు చూపిరి. ఇంగ్లండులో ఎక్కములు పండ్రెండవ మెట్టుతో ముగియును గనుక ఆలిస్ వరుస 19తో ఆగిపోవుననునది వేఱొక సమాధానము. పిల్లలకు రెండవది చాలును. మొదటిదానిని గణితోపాధ్యాయుని పిలిచి చెప్పించుట మేలు. సాహిత్యాధ్యాపకుడు నల్లబల్లపై దానిని సాధింపబూనుట ప్రమాదకరము.

అనువాదకులు ఈ చిక్కును ముందుగనే గుర్తించిరి. 1869లోనే ఈ నవల జర్మను, ఫ్రెంచి భాషలలోనికి పోయినది. 1923లో రష్యనులోనికి మార్చిన నబకోవ్, ఆంగ్లపద్యముల వికృతులను విడిచి, రష్యను బాలురు బడిలో నేర్చిన పద్యముల వికృతులను ఆ స్థానమున నిలిపెను. అనగా ఆయన అనువదించినది కంఠస్థపాఠమును. తెలుగున నైనచో సుమతిశతకమందలి కందము నొకదానిని చెఱుపవలసియుండును.

కొన్ని చమత్కారములు మన భాషలో అడుగకయే అమరును. కన్నీటిమడుగులో తడిసిన జంతువులను ఆఱబెట్టుటకు ఎలుక తాను ఎఱిగినవానిలో అత్యంత శుష్కమైన చరిత్రపాఠమును చదువును. అది చెప్మెల్ రచించిన నిజమైన పాఠ్యపుస్తకములోనిదని పరిశోధకులు గుర్తించిరి. శుష్కశబ్దమున మనకును ఆ రెండర్థములు గలవు. ఆ వెంటనే ఎలుక చెప్పిన కథ తోక యాకారమున ముద్రితమైనది. ఆంగ్లమున కథకును తోకకును ఉచ్చారణ మొక్కటే. మనకు శ్లేష పోయి ఆకృతి మాత్రము నిలుచును. నాగబంధాదుల నెఱిగిన విద్యార్థి దీనిని బంధకవిత్వమనును. పరికించినచో భేదము కనబడును. మన బంధమున ఒక గడిలోని యక్షరము రెండు మూడు మార్గములలో చదువబడును; ఇచట అక్షరములు ఒక్క దారినే పోవుచు దిగినకొలది చిన్నవగును. ఇది కంటికి మాత్రమే బంధము.

మాక్ టర్టిల్ అను కపటకూర్మము సముద్రగర్భమున చదివిన నాలుగు విధముల గణితము తెలుగు చేయువారికి గట్టి పరీక్ష. మేము మా విద్యార్థులతో గూడి యత్నించి సంకలనమును సంచలనముగను, వ్యవకలనమును వ్యాకులనముగను, గుణకారమును గుణవికారముగను, భాగహారమును భాగహాసముగను మార్చితిమి. రెండవది బలహీనము. మూడవదియందు మూలములోని వికృతియను నర్థము చెక్కుచెదరక వచ్చినది. నాలుగవదియందు ఒక్క యక్షరము మాత్రమే మాఱినది. ఇన్ని చేసియు, కూడిక తీసివేత లని నేర్చిన బాలునకు సంకలన వ్యవకలనము లపరిచితములు. ఆంగ్లమాధ్యమమున చదివినవానికి నాలుగును అపరిచితములే. ఈ శ్లేష పుట్టినది పలకపై. నిఘంటువు దానిని కాపాడలేదు.

మిక్కిలి చిన్నపిల్లల విషయము వేఱు. వారికై కారల్ తానే 1890లో 'నర్సరీ ఆలిస్'ను ప్రకటించెను. అందు మాటల చమత్కారమును తగ్గించి, జాన్ టెన్నియల్ వ్రాసిన బొమ్మలను చూపుచు పిల్లతో మాటలాడు ధోరణిని అవలంబించెను. కథ నంతను అన్ని తరగతులకు ఒకే రీతిని చెప్పబూనువారు దీనిని చూచుట మంచిది.

తుది రెండు ప్రకరణములలోని న్యాయసభ పేరునకు న్యాయసభ, చూడగా తరగతిగది. జూరీ సభ్యులు పండ్రెండుగురి చేతులలోను పలకలున్నవి. విచారణ ముగియకమునుపే తమ పేరులు మఱచిపోవుదుమేమో యని వానిని వ్రాసికొనుచుందురు. సాక్షులు చెప్పిన మూడు తేదీలను వ్రాసి, కూడి, షిల్లింగులు పెన్నీలుగ మార్చుదురు. బిల్ అను బల్లి చేతి బలపము కీచుమనుచుండ ఆలిస్ దానిని లాగికొనగా, ఆ బల్లి దినమంతయు వ్రేలితో వ్రాయుచుండును. పలకపై ఏమియు పడదు. పద్యము తప్పితినని రెండవ ప్రకరణమున ఏడ్చిన బాలిక ఇచట, సాక్ష్యముగ చదువబడిన పద్యమున అర్థమే లేదని సభలో పలుకును. ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నుంచి చదివింపనిచో ఆ బాలికకు నడుమ జరిగినదేమో విద్యార్థికి అందదు. రాజు మాత్రము తన మానాన పద్యమునుండి అర్థమును లాగుచునే యుండును.

'ఈ పద్యమందలి హాస్యమును వివరింపుము' అని ప్రశ్నపత్రమున అడిగినచో విద్యార్థిని ఆ రాజుగారి పీఠముపై కూర్చుండబెట్టినట్లే. అందుకు బదులు, కంఠస్థమైన కందమును ఒకదానిని ఆలిస్ వలె తప్పుగ అప్పజెప్పుమని అడుగవచ్చును. గణములు తప్పరాదు, ప్రాస తప్పరాదు, తప్పవలసినది నీతి. ఇట్టిదానికి మార్కులు వేయుట యెట్లని పరీక్షకులు సందేహింతురు. గగ, భ, జ, స, నలములను గుర్తించుట, సరిపాదముల యంతమున గురువును సరిచూచుట ఏ పరీక్షకునకును కష్టము కాదు. నవ్వు వచ్చినదో లేదో వ్రాయుటకు మార్కుల పట్టికలో మఱియొక గడిని గీయవలసియుండును.